కొలిచి తాగిన గాలిబ్

పొద్దున ఏడు బాదం గింజల పాలు, కలకండ షర్బత్‌తో. మధ్యాహ్నం శేరు మాంసం ఉడికించి తీసిన చిక్కటి రసం. సాయంత్రం మూడు వేపుడు కబాబులు, అవీ ఎప్పుడో ఒకప్పుడు. రాత్రి ఆరు గడియలు గడిచాక ఇంట్లో తయారైన మద్యం అయిదు తులాలు, అందులోకి అంతే కొలత పాల అర్కు. జీవిత చరమాంకంలో మీర్జా అసదుల్లా ఖాన్ గాలిబ్ ఒక ఉత్తరంలో రాసుకున్న దినచర్య ఇది. అయిదు తులాలంటే నేటి లెక్కలో 60 గ్రాముల లోపే.

గాలిబ్ పేరు చెప్పగానే కవితల్లో పొంగిపొర్లే మధుపాత్రలు గుర్తుకొస్తాయి. సినిమాలు, ముచ్చట్లు కలిసి ఆయన్ని నిత్యం మత్తులో తేలిన మనిషిగా నిలబెట్టాయి. ఇంట్లోని గాలిబ్ వేరు. ఆయన తాగిన మాట నిజం, దాన్ని ఎన్నడూ దాచుకోలేదు. కానీ ఆ అలవాటుకు ఆయనే ఒక హద్దు గీసుకున్నారు.

1797 డిసెంబరు 27న ఆగ్రాలో పుట్టిన గాలిబ్‌కు పదమూడో ఏట ఉమ్రావ్ బేగంతో పెళ్లయింది. ఆ తర్వాత కాపురం ఢిల్లీకి మారింది. బేగం నమాజు తప్పని మనిషి. భర్త తాగుడు కారణంగా తన వంటపాత్రలు వేరుగా పెట్టుకున్నారు. పుట్టిన ఏడుగురు పిల్లల్లో ఒక్కరూ బతకలేదు. పెంచుకున్న ఆరిఫ్ కూడా 1852లో యువకుడిగానే కన్నుమూశాడు. ఇంత దుఃఖం మధ్య, రెండు రకాల పాత్రలున్న ఆ ఇంట్లో దంపతులు చివరిదాకా కలిసే ఉన్నారు.

గాలిబ్ శిష్యుడు, ఆయన జీవితచరిత్ర రాసిన హాలీ ఈ అలవాటును వివరంగా నమోదు చేశారు. రాత్రికి ఇంత అని కొలత ఉండేది. సీసాలున్న పెట్టె తాళంచెవి నౌకరు దగ్గర ఉండేది. మత్తులో తాను ఎంత అడిగినా, ఎంత కోప్పడినా ఇవ్వవద్దని మెలకువలో ఉన్నప్పుడే గాలిబ్ ఆజ్ఞాపించారు. కొన్ని రాత్రులు ఆయన నిజంగానే అడిగేవారు, నౌకరు నిజంగానే ఇచ్చేవాడు కాదు. ఘాటు తగ్గడానికి మద్యంలో గులాబీ పన్నీరు కలుపుకునేవారు.

రుచి విషయంలో మాత్రం ఆయన రాజీ పడలేదు. లికర్ అనే విలాయతీ మద్యం గురించి ఒక ఉత్తరంలో రాస్తూ దాని చిక్కదనం, రంగు, రుచి వేర్వేరుగా వర్ణించారు. పాకం బహు సున్నితం, రంగు బహు సొగసు, తీపి పలచటి పంచదార పాకంలా ఉంటుందని. నేడు వైన్ రుచి చూసేవాళ్లు పాటించే పద్ధతీ ఇంచుమించు ఇదే. తిండిలో ఆయనకు మాంసం లేని రోజు ఉండేది కాదు. ముసలితనంలో పళ్లు, జీర్ణశక్తి సహకరించక అది రసంగా మారింది. కబాబు సాయంత్రానికి, మద్యం రాత్రికి. దేని వేళ దానిదే.

డబ్బు దగ్గర ఈ క్రమశిక్షణ లేదు. అప్పులు ఎప్పుడూ వెంటాడేవి. ఇంట్లో జూదం ఆడించిన నేరంపై 1847లో జైలుకు కూడా వెళ్లారు.

అసలు పరీక్ష 1857లో వచ్చింది. మే నెలలో తిరుగుబాటు మొదలవగానే నెలకు 62 రూపాయల 8 అణాల కుటుంబ పింఛను ఆగిపోయింది. సెప్టెంబరులో ఆంగ్లేయులు ఢిల్లీని తిరిగి పట్టుకున్నాక ఊరు ఖాళీ అయింది. వీధిలో ఉన్న హకీములు పటియాలా రాజు కొలువువారు కాబట్టి ఆ రాజు సిపాయిలు కాపలా ఉన్నారు, గాలిబ్ ఇల్లూ దక్కింది. మతిస్థిమితం లేని తమ్ముడు యూసుఫ్ ఆ అక్టోబరులోనే చనిపోయాడు. నీళ్లు నిండుకున్న రోజున వాన కురిస్తే దుప్పటి పరిచి పట్టుకున్నారు. బట్టలు, పరుపులు ఒక్కొక్కటిగా అమ్ముకుని తిన్నారు.

రాత్రికి విలాయతీ మద్యం లేకపోతే నిద్రపట్టని మనిషికి అది కొనే స్తోమత పోయింది. అప్పుడు మహేశ్‌దాస్ అనే మిత్రుడు చెరకు సారా పంపాడు. ఆ రోజుల గురించి ఫారసీలో రాసిన దస్తంబూలో గాలిబ్ ఆయన పేరు చెప్పి మరీ కృతజ్ఞత తెలిపారు. రంగులో అది విలాయతీకి సాటి, వాసనలో అంతకన్నా మేలు అని మెచ్చుకున్నారు. ముస్లింలను నగరంలోకి రానివ్వని కాలంలో ఒక హిందూ మిత్రుడు అందించిన ఆ సీసా విలువ రుచితో మాత్రమే తూచేది కాదు.

1859 నుంచి రాంపూర్ నవాబు నెలకు 100 రూపాయలు పంపారు. మరుసటి ఏడాది పింఛను తిరిగి వచ్చింది. అప్పులు మాత్రం తీరలేదు. 1869 ఫిబ్రవరి 15న గాలిబ్ కన్నుమూశారు. ఏడాది తిరక్కముందే బేగం కూడా వెళ్లిపోయారు.

ఆయన కవితల్లో మధువుకు కొలత లేదు. ఇంట్లో అది అయిదు తులాలు. తన బలహీనత తనకు తెలిసిన మనిషి తాళంచెవిని మరొకరి చేతికిచ్చి, వాళ్లు కాదంటే ఆగిపోయాడు. గాలిబ్ గురించి చెప్పుకునే కథల్లో తక్కువగా వినిపించేది ఇదే.