బారిష్టరు ఉన్నవ లక్ష్మీనారాయణగారు

మన పాఠశాలలో పై తరగతులు చదువు విద్యార్థులు ఈ నడుమ విదేశ విశ్వవిద్యాలయములను గూర్చి తఱచుగా నడుగుచున్నారు. ఏ దేశమున నే విద్య దొరకును, ఎన్నియేండ్లు పట్టును, వ్యయమెంత యగును, తిరిగివచ్చిన పిదప జీతమేపాటి యుండును అని తలిదండ్రులును విచారింతురు. ఈ ప్రశ్నలు క్రొత్తవి కావు. నూఱేండ్లకు పూర్వమే మన ప్రాంతమువారొకరు వీనిని తమలో తాము విచారించుకొని, ముప్పదియాఱవ యేట సముద్రము దాటి, ఐర్లండు దేశపు డబ్లిను నగరమున న్యాయశాస్త్రము చదివి బారిష్టరై తిరిగివచ్చిరి. వారే శ్రీ ఉన్నవ లక్ష్మీనారాయణగారు. చివరి ప్రశ్నకు, అనగా జీతమును గూర్చిన దానికి, వారి జీవితము చెప్పిన సమాధానము తక్కిన బారిష్టర్ల సమాధానము వంటిది కాదు.

లక్ష్మీనారాయణగారు 1877వ సంవత్సరము డిసెంబరు 4వ తేదీన వేములూరుపాడు గ్రామమున శ్రీరాములుగారికి, శేషమ్మగారికి జన్మించిరి. ఆ గ్రామము కోటప్పకొండకు ఈశాన్యదిక్కున, ఫిరంగిపురమునకు సమీపమున నున్నది. ఆనాడది సత్తెనపల్లి తాలూకాలోనిది. 2022లో జిల్లాలను విభజించినప్పుడు ఆ గ్రామము గుంటూరు జిల్లాలో నిలిచెను. వారిని చెఱసాలకు పంపిన మాచెర్ల పల్నాడు జిల్లాలో చేరెను. కావున ఏ జిల్లావారు వారిని తమవారనినను తప్పుపట్టుటకు వీలులేదు.

ప్రాథమిక విద్య స్వగ్రామమున జరిగెను. 1897లో గుంటూరున మెట్రిక్యులేషను పరీక్షయందు ఉత్తీర్ణులైరి. అప్పటికే లక్ష్మీబాయమ్మగారితో వివాహమైనది. ఆమె పేరు ముందు మరల వచ్చును. లక్ష్మీనారాయణగారు కొంతకాలము ఉపాధ్యాయులుగా పనిచేసిరి. పిదప ప్లీడరుపరీక్షలో గెలిచి గుంటూరునను, తరువాత రాజమహేంద్రవరమునను న్యాయవాదవృత్తి నవలంబించిరి. వాదములకంటె వారి మనస్సు సంఘసంస్కారమునందే యెక్కువగా లగ్నమైయుండెను. బాల్యమున భర్తను కోల్పోయిన బాలికల కొఱకు 1902లో గుంటూరున వితంతు శరణాలయము నెలకొల్పిరి. కందుకూరి వీరేశలింగము పంతులుగారి యుద్యమమున పాల్గొని వితంతు వివాహములకు తోడ్పడిరి. ఆ దినములలో ఇట్టి పనిచేయువారికి బంధువుల యింట పీటయు, బావియొద్ద చేదయు దొరకుట కష్టము.

1911, 1912 ప్రాంతమున గుంటూరు యువకులు తెలుగువారి కొక రాష్ట్రముండవలెనని తలపెట్టిరి. జొన్నవిత్తుల గురునాథముగారు, చల్లా శేషగిరిరావుగారు, లక్ష్మీనారాయణగారు అందు ముఖ్యులు. తెలుగు మాటలాడు జిల్లాలన్నిటిని జేర్చి ఆంధ్రదేశపటము నొకదానిని తయారుచేసిరి. 1913 మే నెలలో బాపట్లయందు ప్రథమాంధ్రమహాసభ జరిగెను. కాగితముపై గీసిన యా గీతలు నిజమైన సరిహద్దులగుటకు మఱి నలుబదియేండ్లు పట్టెను.

ఇక చదువు మాట. 1913 నాటికి తెలుగు విద్యార్థికి విదేశములలో నెట్టి విద్యలు లభ్యములో ఆ కాలపు ప్రముఖులను తలచుకొన్నచో తెలియును. టంగుటూరి ప్రకాశంగారు అప్పటికే లండనులో బారిష్టరై వచ్చియుండిరి. కట్టమంచి రామలింగారెడ్డిగారు కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున చరిత్ర చదివి వచ్చిరి. దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారు స్కాట్లండులోని ఎడింబరోలో ఎం.ఏ. చదువుచుండిరి. వైద్యశాస్త్రమునకై పోవువారును కొందఱుండిరి. పదియేండ్ల పిమ్మట, 1923లో, ఎల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలోని హార్వర్డునకు పోయినది ఉష్ణమండలవ్యాధుల శాస్త్రము చదువుటకే. అయినను పోవువారిలో పెక్కుమందిని ఆకర్షించినది న్యాయవిద్యయే. బారిష్టరు పట్టమునకు విశ్వవిద్యాలయపు డిగ్రీ తప్పనిసరి కాదు. మూడేండ్లలో ముగియును. తిరిగివచ్చినవానికి మదరాసు హైకోర్టున గౌరవమును, కక్షిదారుల సంచులును సిద్ధముగా నుండును.

లండను నుండగా డబ్లిను ఏల? దీనికి కారణమున్నది. 1909 జూలైలో మదనలాల్ ఢింగ్రా యను భారతీయ విద్యార్థి లండనులో కర్జన్ వైలీ యను ఆంగ్లేయోద్యోగిని కాల్చిచంపెను. (అదే 1909 శివరాత్రి తిరునాళ్లలో మన కోటప్పకొండ క్రింద పోలీసు తుపాకులు ప్రేలినవి, చిన్నపరెడ్డి కథ మన తాతలు చెప్పగా మీలో పెక్కురు వినియే యుందురు.) అటుపిమ్మట లండనులోని న్యాయశిక్షణాలయములు భారతీయులను చేర్చుకొను నిబంధనలను బిగించెను. ప్రతి విద్యార్థి వెనుకను అనుమానపు నీడ పడజొచ్చెను. అందుచే ననేకులు డబ్లినులోని కింగ్స్ ఇన్స్ అను న్యాయశిక్షణాలయమును వెదకికొనిపోయిరి. బెర్హంపురమునుండి వచ్చిన వరాహగిరి వేంకటగిరిగారును 1913లో అచటనే చేరిరి. ఆయనయే 1969లో భారతరాష్ట్రపతియైన వి. వి. గిరిగారు. నాటికాయన వయస్సు పందొమ్మిది. లక్ష్మీనారాయణగారి వయస్సు దాదాపు దానికి రెట్టింపు!

ఈ వయస్సు సంగతి నిలిచి యాలోచింపదగినది. నడుచుచున్న వృత్తిని, భార్యను, తాము ప్రారంభించిన సంస్థలను వదలి, పుస్తకములు చేతబట్టి మరల విద్యార్థియై కూర్చుండుట సామాన్యమైన పని కాదు. సముద్రయానము చేసిన బ్రాహ్మణునకు వెలి తప్పని కాలమది. వితంతువులకు పెండ్లిండ్లు చేయించినవారికి వెలి యనిన క్రొత్తభయ మేమియు లేకపోయి యుండవచ్చును. ఇంటి భారమును, శరణాలయపు భారమును వహించినవారు మాత్రము లక్ష్మీబాయమ్మగారు. విదేశవిద్య కథలలో ఇంటియొద్ద నిలిచినవారి భాగము ఎవరును వ్రాయరు; అది పెద్ద లోపమని నా యభిప్రాయము.

కింగ్స్ ఇన్సులోని విద్యాపద్ధతి మనవారికి వింతగా తోచును. ఉపన్యాసములు వినుట, పరీక్షలు వ్రాయుట మాత్రమే చాలదు. ప్రతి సత్రమున నిన్ని పర్యాయములని నియమము చొప్పున ఆ శిక్షణాలయపు విశాలమైన శాలలో గౌను ధరించి పెద్ద న్యాయవాదులతో, న్యాయాధిపతులతో కలిసి భోజనము చేయవలెను. భోజనములు తక్కువైనచో సత్రము లెక్కకు రాదు. వృత్తిలోని మర్యాదలు పుస్తకములవలన రావు, పెద్దల పంక్తిని కూర్చుండినగాని పట్టువడవు అనుట ఈ నియమమునందలి తాత్పర్యము. ఆస్తి, ఒడంబడిక, సాక్ష్యము మొదలైన శాస్త్రభాగములతో పాటు దీనిని గూడ నేర్వవలసియుండెను. గిరిగారి వంటి కొందఱు భారతీయులు దీనితోబాటు యూనివర్సిటీ కాలేజీ యను కళాశాలలో కూడ చేరి చదివిరి. అచ్చట వారికి ఆంగ్లసాహిత్యము బోధించినవారిలో థామస్ మెక్డొనా యొకరు. ఆయన కవి, ఆయన చేసిన మఱియొక పని కొలదికాలములోనే లోకమునకు తెలిసెను.

పుస్తకములలోని న్యాయము నటుంచి, వీథులలో జరుగుచున్నదేమో చూడుడు. 1913 ఆగస్టులో డబ్లిను యజమానులు కార్మికసంఘములో చేరినవారిని పనిలోనికి రానీయక తలుపులు మూసిరి. ఇరువదివేల మంది కూలీలు పస్తులుండిరి. 1914 ప్రారంభమువఱకు ఈ పోరాటము సాగెను. జేమ్స్ లార్కిన్, జేమ్స్ కానలీ వారికి నాయకులు. పిమ్మట మహాసంగ్రామము వచ్చెను. 1916 ఏప్రిల్ 24వ తేదీన, ఈస్టరు పండుగ మఱునాడు, కొద్దిపాటి స్వచ్ఛందసైన్యము నగరపు పెద్ద తపాలా కార్యాలయము నాక్రమించి ఐర్లండు స్వతంత్రమని చాటెను. ఆఱు దినములలో ఆ తిరుగుబాటు నణచివేసిరి. ఫిరంగులదెబ్బకు నగరమధ్యము కూలి కాలిపోయెను. మే నెలలో నాయకులను వరుసగా కాల్చిచంపిరి. వారిలో మెక్డొనా పండితుడును, కానలీయును ఉండిరి. గాయపడి నిలువలేకున్న కానలీని కుర్చీకి గట్టి కాల్చిరి. గిరిగారిని దేశము విడిచిపొమ్మని ప్రభుత్వము శాసించెను. లక్ష్మీనారాయణగారును ఆ సంవత్సరముననే, అనగా 1916లోనే, బారిష్టరై స్వదేశమునకు మరలిరి.

1917లో వారు మదరాసు హైకోర్టున వృత్తి ప్రారంభించిరి. ఆ వృత్తి యెక్కువకాలము సాగలేదు. గాంధీమహాత్ముని సహాయనిరాకరణోద్యమము దేశమును కదల్చగా వారి మార్గము మాఱెను. లెక్కించి చూచినచో, ఆ పట్టమునకై వెచ్చించిన కాలమునకును, దానివలన గడించిన కాలమునకును పెద్ద భేదము కనబడదు. ఇది నష్టమని తలచు తలిదండ్రు లుందురు. వారితో వాదింపను; తరువాత జరిగినది మాత్రము చెప్పెదను.

పల్నాటిలో వానలు తక్కువ. సేద్యమునకు తోడు పశువులే రైతునకు ఆధారము. పశువులకు అడవియే ఆధారము. ఆ యడవిలో మేపుటకు ప్రభుత్వము పుల్లరి యను పన్ను విధించెను. పన్ను చెల్లించినను అటవీసిబ్బంది బాధ తప్పకుండెను. 1921లో పల్నాటి రైతులు పుల్లరి కట్టమనిరి. ఉద్యోగులకు చాకలి, మంగలి మొదలుగా ఎవరును పనిచేయరైరి. పరిస్థితులను విచారించుటకై జిల్లా కాంగ్రెసు సంఘము లక్ష్మీనారాయణగారిని, మాడభూషి వేదాంతం నరసింహాచార్యులుగారిని మాచెర్లకు పంపెను. ప్రభుత్వము వారిని నిర్బంధించి సంవత్సరకాలము శిక్ష విధించెను. మించాలపాడు కన్నెగంటి హనుమంతు 1922 ఫిబ్రవరిలో తుపాకిగుండ్లకు బలియయ్యెను. న్యాయశాస్త్రము చదివివచ్చినవారు అప్పటికి రాయవేలూరు చెఱసాలలో ఖైదీ.

ఆ చెఱసాలలోనే వారు మాలపల్లి నవలను వ్రాసిరి. మంగళాపురమను గ్రామమున రామదాసను మాల కుటుంబీకుడు భక్తుడు, వివేకి. అతని కుమారుడు సంగదాసు చౌదరయ్య యను భూస్వామి యింట పనిచేయుచు కూలివాండ్రను సంఘముగా కూర్చి న్యాయమైన కూలికై నిలబడును. తుదకు ఆ యజమానుని చేతనే మరణించును. మఱియొక కుమారుడు వెంకటదాసు తక్కెళ్ల జగ్గడను పేర ధనికులను దోచి పేదలకు పెట్టును. భూమి పోయి, ఇల్లు పోయి, చెఱసాలల పాలైన యా కుటుంబకథ చదువువారికి డబ్లినులో పస్తులున్న కూలీలు జ్ఞప్తికి రాకమానరు. రష్యా విప్లవపు ప్రభావమును విమర్శకులు దీనియందు చూపిరి, అది నిజమే. పుస్తకములో తెలిసికొన్న రష్యాకంటె కన్నులార చూచిన ఐర్లండు ఎక్కువ లోతుగా నాటియుండునని నాకు తోచును.

అంతవఱకు తెలుగునవలలలో కథానాయకులు రాజులు, జమీందారులు, పట్టణపు విద్యావంతులు. మాలపల్లిలోని గుడిసెను కథకు నడుమ నిలిపి, అందలి మనుష్యులకు ధర్మమును, తెలివిని, గౌరవమును సమకూర్చిన పెద్దనవల ఇదియే మొదటిది. భాషయు గుంటూరుసీమ జనులు నిత్యము పలుకు భాషయే. ఈ వ్యాసము గ్రాంథికమున వ్రాయుచున్నవాడనైనను, ఆ నవలను గ్రాంథికమున నూహింపజాలను. మన పాఠశాలవంటి వానిలో మొదట పలక పట్టిన బాలురనేకులు అట్టి పల్లెలనుండి వచ్చినవారే. వారి తాతముత్తాతలు మాటలాడిన తీరు ముద్రితాక్షరములలో కనబడుట వారికి చిన్నవిషయము కాదు.

నవల 1922లో ప్రకటితమయ్యెను. దేశోద్ధారక కాశీనాథుని నాగేశ్వరరావుపంతులుగారు దానికి పీఠిక వ్రాసిరి. 1923లో మదరాసు ప్రభుత్వము దానిని నిషేధించెను. కొన్ని మార్పులతో ముద్రించుకొనుటకు 1928లో అంగీకరించెను. మరల 1936లో నిషేధము వచ్చెను. 1937లో రాజగోపాలాచారిగారి మంత్రివర్గము అధికారమునకు వచ్చిన పిదపగాని ఆ సంకెల తొలగలేదు.

చెఱ విడిచిన పిమ్మట లక్ష్మీనారాయణగారు గుంటూరున నిలిచిరి. 1922లో లక్ష్మీబాయమ్మగారితో కలిసి స్త్రీల విద్యకై శారదానికేతనమను సంస్థను స్థాపించిరి. వితంతువులు, దిక్కులేని బాలికలు అచట భాషావిద్యను, చేతిపనులను నేర్చి తమ కాళ్లపై నిలువగలిగిరి. సంస్థను నడిపిన చేయి ముఖ్యముగా లక్ష్మీబాయమ్మగారిది. ఉప్పుసత్యాగ్రహ కాలమునను, 1942 ఉద్యమమునను లక్ష్మీనారాయణగారు మరల పాల్గొనిరి. పల్నాటి వీరచరిత్రములోని నాగమ్మను గూర్చి నాయకురాలను నాటకమును రచించిరి. పల్నాటిసీమ వారిని జైలుకు పంపినను వారు మాత్రము దానిని విడువలేదు.

వారు గీసిన పటములోని తెలుగుజిల్లాలు 1953లో ఆంధ్రరాష్ట్రముగాను, 1956లో తెలంగాణముతో కలిసి ఆంధ్రప్రదేశముగాను రూపొందుటను వారు కన్నులార చూచిరి. 1958వ సంవత్సరము సెప్టెంబరు 25వ తేదీన, తమ యెనుబదియొకటవ యేట, పరమపదించిరి. మాలపల్లి నేటికిని ముద్రణలో నున్నది.