కోఠిలో ఒక లైబ్రరీ, దాని వెనక కొమర్రాజు

కొమర్రాజు లక్ష్మణరావు గారి పేరు మనలో చాలామంది పోటీ పరీక్షల బిట్లలో చూసే ఉంటారు. విజ్ఞాన సర్వస్వం అంటే కొమర్రాజు. టిక్ పెట్టేసి ముందుకెళ్లిపోతాం. ఆ ఒక్క బిట్టు వెనక ఒక పూర్తి జీవితం ఉంది.

ఆయన 1877లో కృష్ణా జిల్లా పెనుగంచిప్రోలులో పుట్టారు. మన ఖమ్మం సరిహద్దుకి అది పెద్ద దూరమేం కాదు. చిన్నప్పుడే నాన్న పోయారు. అక్క భండారు అచ్చమాంబ గారి భర్తది నాగపూర్ వైపు ఉద్యోగం. అక్కా బావే తమ దగ్గర పెట్టుకుని ఆయన్ని చదివించారు. ఇంట్లో తెలుగు, వీధిలో మరాఠీ, కాలేజీలో ఇంగ్లీషు. మరాఠీలో వ్యాసాలు రాసేంత పట్టు వచ్చింది. అచ్చమాంబ గారు బడికి వెళ్లలేదు. తమ్ముడి సాయంతో ఇంట్లోనే చదువు నేర్చుకుని, 1902 నాటికి తెలుగులో కథలు రాశారు. సొంత భాషలో చదువు అందితే మనిషి ఎంత దూరం వెళ్లొచ్చో ఆయన ముందు తన ఇంట్లోనే చూశారన్నమాట.

చదువయ్యాక మునగాల రాజా నాయని వెంకట రంగారావు గారి దగ్గర దివానుగా చేరారు. మునగాల చుట్టూ నిజాం రాజ్యం, మధ్యలో ఆ పరగణా మాత్రం బ్రిటిష్ వాళ్ల కృష్ణా జిల్లా కింద ఉండేది. ఇలాంటి సరిహద్దు మాకు కొత్త కాదు. మాది సారపాక దగ్గర. గోదావరి మీద బ్రిడ్జి దాటితే భద్రాచలం. ఆ రోజుల్లో అవతల భద్రాచలం బ్రిటిష్ మద్రాసు ప్రెసిడెన్సీలో, ఇవతల బూర్గంపాడు నిజాం రాజ్యంలో ఉండేవి. రెండు ఒడ్డుల్లోనూ తెలుగు మాట్లాడేవాళ్లే. కానీ ఇవతల కచేరీ భాష ఉర్దూ. తెలుగులో చదువుకుందామంటే బళ్లూ తక్కువే, పుస్తకాలూ తక్కువే.

అలాంటి చోట 1901 సెప్టెంబర్ 1న హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం మొదలైంది. రావిచెట్టు రంగారావు గారు తన ఇంట్లోనే చోటిచ్చారు. మునగాల రాజా గారు అండగా నిలిచారు. వెనక ఉండి నడిపించినవాళ్లలో కొమర్రాజు గారు ముఖ్యులు. అప్పటికి ఆయన వయసు 24. అంటే మన సీనియర్లు ఎంటెక్ పూర్తి చేసే వయసు! తర్వాత 1904లో హనుమకొండలో, 1905లో సికింద్రాబాద్‌లో కూడా తెలుగు గ్రంథాలయాలు వచ్చాయి.

మొన్న సెలవుల్లో హైదరాబాద్ వెళ్లినప్పుడు, కోఠి దగ్గర సుల్తాన్ బజార్‌లో ఉన్న ఆ లైబ్రరీ చూశాను. బయట బట్టల షాపులు, బేరాలు, హారన్లు. లోపల బీరువాల్లో పాత పుస్తకాలు. నాది మొదటి నుంచీ ఇంగ్లీష్ మీడియం కాబట్టి పాత అచ్చు కూడబలుక్కుని చదవాల్సి వచ్చింది. అయినా ఒక విషయం అర్థమైంది. లైబ్రరీ పెట్టగానే సరిపోదు, బీరువా నిండాలంటే పుస్తకాలు ఉండాలి. కావ్యాలు ఉన్నాయి, పురాణాలు ఉన్నాయి. మరి కెమిస్ట్రీ?

కొమర్రాజు గారు తర్వాత పట్టుకున్నది సరిగ్గా ఆ పనినే. 1906లో గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారు, మరికొందరు మిత్రులతో కలిసి విజ్ఞాన చంద్రికా మండలి పెట్టారు. మొదటి పుస్తకం గాడిచర్ల గారు రాసిన అబ్రహాం లింకన్ చరిత్ర. చిలుకూరి వీరభద్రరావు గారి ఆంధ్రుల చరిత్ర కూడా వీళ్లు వేసిందే. చరిత్రతో పాటు జీవశాస్త్రం, రసాయన శాస్త్రం లాంటివీ తెలుగులో అచ్చయ్యాయి. పదాలు లేని చోట పదాలు తయారు చేసుకుంటూ రాశారు.

ఆ తర్వాత మద్రాసులో ఇంకా పెద్ద పని మొదలుపెట్టారు. ప్రపంచంలోని విషయాలన్నీ అక్షర క్రమంలో చెప్పే ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం అది. వికీపీడియా లేదు, సర్చ్ లేదు. చాలా వ్యాసాలు ఆయనే రాశారు, మిగతావి పండితుల చేత రాయించారు. మూడు సంపుటాలు వచ్చినా ఇంకా ‘అ’ అక్షరం దాటలేదు. 1923 జూలైలో మద్రాసులో ఆయన పోయారు. 46 ఏళ్లు. ఆ పనిని తర్వాత కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు అందుకున్నారు.

‘అ’ దగ్గరే ఆగిపోయింది అంటే ఫెయిల్ అయిన ప్రాజెక్టులా వినిపిస్తుంది. నాకు అలా అనిపించలేదు. మా చిన్నాన్న కొడుకు తెలుగు మీడియంలో పదో తరగతి. అల్గారిథం అంటే ఏంటన్నా అని అడిగాడు. వంట చేసే వరసతో పోల్చి చెప్తే వెంటనే అర్థమైపోయింది. మరి వాడు సొంతంగా చదువుకోవడానికి పుస్తకం ఏదైనా ఇద్దామని వెతికితే, వాడి స్థాయికి తగ్గది తెలుగులో నాకు దొరకలేదు. అల్గారిథం కూడా ‘అ’తోనే మొదలవుతుంది కదా! వచ్చే సంచిక నుంచి మన సబ్జెక్టులో ఒక్కో మాట తీసుకుని, వాడికి అర్థమయ్యే తెలుగులో ఒక పేజీ రాద్దామనుకుంటున్నాను. మీలో ఎవరైనా కలిసి రాస్తానంటే చెప్పండి.