జనరల్ తిమ్మయ్యగారు

దేశరక్షణమునకై ఆయుధము పట్టినవారి చరిత్రములను బాలురకు చెప్పునపుడెల్ల మేము జనరల్ తిమ్మయ్యగారిని ముందుగా స్మరించుచుంటిమి. ఆయన మన సంఘమువారు కారు. మన భాషవారును కారు. అయినను మన యువకులు గ్రహింపదగిన గుణము వారియందు కలదని నమ్మి యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

కోదండేర సుబ్బయ్య తిమ్మయ్యగారు 1906వ సంవత్సరమున కొడగుసీమలోని మడికేరిలో జన్మించిరి. డెహ్రాడూనునందును, పిమ్మట ఇంగ్లండునందలి శాండ్‌హర్స్టునందును యుద్ధవిద్య నభ్యసించి, 1926లో సైనికాధికారి యైరి. మన హైదరాబాదు పేరు ధరించిన 19వ రెజిమెంటులో పెక్కేండ్లు కొలువు చేసిరి. ఆ దళమే 1945లో కుమాయూను రెజిమెంటను నామము వహించెను. ఆ యేడే బర్మాలోని అరకాను రణరంగమున, బ్రిగేడును యుద్ధమునందు నడిపిన మొదటి భారతీయుడను ఖ్యాతి వారికి లభించెను.

1948లో కాశ్మీరమున శత్రువులు జోజిలా కనుమను పట్టుకొని లడఖ్‌నకు పోవు దారిని బంధించిరి. సుమారు 11,500 అడుగుల యెత్తున నున్న ఆ కనుమకు టాంకులు రాగలవని శత్రువులు తలంపలేదు. తిమ్మయ్యగారు వానిని రహస్యముగా రప్పించి, నవంబరు 1వ తేదీన ముందరి టాంకులో తామే కూర్చుండి సేనను నడిపిరి. దారి తెరువబడెను, లేహ్ పట్టణము నిలిచెను.

1953లో కొరియా యుద్ధబందీల విషయమై యేర్పడిన తటస్థరాజ్యసంఘమునకు అధ్యక్షులై, స్వదేశమునకు పోనొల్లని 22,000కు పైబడిన బందీల చిక్కుసమస్యను నిష్పక్షపాతముగా నిర్వహించిరి.

1957లో వారు సేనాధిపతులైరి. రక్షణమంత్రి కృష్ణమేనోనుగారితో అభిప్రాయభేదము ముదిరి 1959లో రాజీనామా నిచ్చిరి. ప్రధాని నెహ్రూగారు కోరగా దానిని మరలించుకొనిరి. పార్లమెంటులో ప్రధానిచే ఆక్షేపింపబడియు, 1961లో విరమించువరకు తమ విధిని నెరవేర్చిరి. వారు మరలించుకొనుట తగునా యని నేటికిని వాదించువారు కలరు. మాకు తోచినదేమనగా, ఖడ్గము చేతనున్నవాడు ప్రజాప్రభుత్వమునకు లోబడియుండుట పిరికితనము కాదు, అది నిగ్రహము. రాజ్యము నిలుచుటకు పరాక్రమమెంత యవసరమో యీ నిగ్రహమును అంత యవసరము.

విశ్రాంతి తీసికొనవలసిన వయస్సున, 1964లో, ఐక్యరాజ్యసమితి శాంతిసేనకు నాయకులై సైప్రసు ద్వీపమునకు వెళ్లిరి. అచటి గ్రీకులకును తురకలకును నడుమ శాంతి నిలుపుచుండగా, 1965 డిసెంబరు 18వ తేదీన నికోసియాలో హృద్రోగముచే అస్తమించిరి. సైప్రసు ప్రభుత్వము 1966లో వారి పేర తపాలాబిళ్ల వెలువరించెను. భౌతికకాయము బెంగుళూరున ఖననము చేయబడెను. మడికేరిలోని వారి గృహము 2021లో స్మారకప్రదర్శనశాలయైనది. ఆ వైపు యాత్ర సేయు మన సోదరులు పిల్లలతో గూడ దానిని దర్శింతురుగాక.