డన్లప్ పెరట్లో రెండు చక్రాలు

విరుదునగర్ నుంచి సాత్తూరు మీదుగా కోవిల్‌పట్టికి వచ్చే బస్సు ఒంపు తిరిగేటప్పుడు దాన్ని రోడ్డుకు పట్టి ఉంచేది టైరు నేలకు ఆనే కొద్దిపాటి చోటే. కారుకైతే ఆ చోటు ఒక్కో టైరుకు అరచేయంత. అక్కడ పుట్టే బలాలను ఇప్పుడు టైరు తయారు కాకముందే కంప్యూటర్‌లో లెక్క కడుతున్నారు. ఇలా పోల్చి చూసే పని కంప్యూటర్లు లేని రోజుల్లో ఒక పశువైద్యుని పెరట్లో జరిగింది. ఆయన గురించి పిల్లలకు చెప్పేటప్పుడు మనం చేసే ఒక పొరపాటు కూడా ఉంది.

జాన్ బాయిడ్ డన్లప్ 1840లో స్కాట్లాండ్‌లోని డ్రెగ్‌హార్న్‌లో రైతు కుటుంబంలో పుట్టారు. పశువైద్యం చదివి ఐర్లండ్‌లోని బెల్‌ఫాస్ట్‌లో స్థిరపడ్డారు. 1887లో, పదేళ్లు నిండబోతున్న కొడుకు జానీ తన మూడు చక్రాల సైకిల్ రాళ్లు పరిచిన వీధుల్లో బాగా కుదుపుతోందని చెప్పాడు. దాని చక్రాలకున్నది గట్టి రబ్బరు. నల్లరేగడి దారిలో ఇనుప పట్టా బండి ఎక్కిన మన పెద్దలకు ఆ కుదుపు ఏమిటో చెప్పనక్కర లేదు.

డన్లప్ పలుచని రబ్బరుతో గొట్టం చేసి, చెక్క చక్రం చుట్టూ బిగించి, పైన నారబట్ట చుట్టి, ఫుట్‌బాల్ పంపుతో గాలి కొట్టారు. తర్వాత ఆయన చేసిన పనే మాకు అన్నిటికన్నా నచ్చింది. గట్టి రబ్బరు చక్రాన్నీ, గాలి చక్రాన్నీ పెరట్లో దొర్లించారు. మొదటిది దారిలోనే పడిపోయింది. రెండోది పెరడంతా దాటి గేటుకు కొట్టుకుంది.

1888లో పేటెంటు వచ్చింది. 1889 మేలో విల్లీ హ్యూమ్ అనే సైకిల్ వీరుడు ఈ టైర్లతో బెల్‌ఫాస్ట్ పందేలు గెలిచాడు. అదే ఏడు హార్వే డ్యూ క్రో చేయూతతో కంపెనీ పుట్టింది. కానీ రాబర్ట్ విలియం థామ్సన్ అనే మరో స్కాట్లాండ్ వ్యక్తి 1845లోనే గాలి చక్రానికి పేటెంటు పొందారని తేలింది. డన్లప్ పేటెంటు చెల్లకుండా పోయింది. కొన్నేళ్లకే ఆయన కంపెనీ నుంచి తప్పుకున్నారు. 1921లో డబ్లిన్‌లో కన్నుమూశారు. అయినా మన క్విజ్‌లలో గాలి టైరు కనిపెట్టింది డన్లప్ అని రాస్తేనే మార్కు వేస్తున్నాం. వాడుకలోకి తెచ్చింది డన్లప్, ముందు కనిపెట్టింది థామ్సన్ అని చెప్పడమే న్యాయం.

డన్లప్ చూసింది చక్రం ఎంత దూరం దొర్లుతుందన్నది. ఇంజనీర్లు ఇప్పుడు అది ఎలా మలుపు తిరుగుతుందో కూడా చూస్తారు. స్టీరింగ్ తిప్పగానే చక్రం ఒక దిక్కు చూస్తుంది, బండి కాస్త పాత దిక్కుకే పోతుంటుంది. ఆ రెంటి మధ్య కోణం వల్ల నేలకు ఆనిన రబ్బరు పక్కకు సాగుతుంది. దాని లాగుడే బండిని మలుపు తిప్పుతుంది. కోణం పెరిగితే బలమూ పెరుగుతుంది, ఒక హద్దు దాటితే రబ్బరు జారిపోతుంది. గాలి తగ్గిన టైరు పక్కలు మెత్తబడి స్టీరింగ్‌కు ఆలస్యంగా స్పందిస్తుంది.

కంప్యూటర్‌లో టైరును వేల చిన్న ముక్కలుగా విడగొట్టి, లోపలి తీగల కోణం, పక్కల మందం, గాలి పీడనం మార్చి ఒక్కో మార్పుకు బలం ఎంతో చూస్తారు. 1987లో నెదర్లాండ్స్ ఆచార్యుడు హాన్స్ పసేకా, వోల్వో ఇంజనీర్లతో కలిసి, టైరును యంత్రంపై పరీక్షించి కొలిచిన బలాలను ఒక్క సూత్రంలో ఇమిడ్చారు. మ్యాజిక్ ఫార్ములా అనే ఆ సూత్రం ఇప్పటికీ వాడుకలో ఉంది.

ఉపాధ్యాయులు డన్లప్ పెరటి పరీక్షను బడి ఆవరణలోనే చేయించవచ్చు. ఒకే కొలత సైకిల్ చక్రాలు రెండు తీసుకుని, ఒకదానికి నిండా, మరొకదానికి సగం గాలి కొట్టి, ఒకే వాలు నుంచి వదిలి, ఆగిన చోట సుద్దతో గీత గీయించండి. గేటు దగ్గర మాత్రం ఒకరు నిలబడాలి.