రేపటి వానను లెక్కకట్టబోయిన మనిషి

ప్రత్యేక సంచికకు ఒక మహనీయుని జీవితం గురించి రాసి ఇమ్మని మన సంఘం కార్యదర్శిగారు అడిగినప్పుడు కొంచెం వెనుకాడాను. ఇటువంటి సంచికల్లో సాధారణంగా గాంధీగారో, ప్రకాశం పంతులుగారో, మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారో ఉంటారు. వారిని గురించి నాకంటె బాగా రాయగల పెద్దలు మనలో చాలామంది ఉన్నారు. నేను ముప్ఫయి రెండేళ్లు వాతావరణ శాఖలో పరిశీలకుడిగా పనిచేసి 2000లో పదవీ విరమణ చేసినవాణ్ణి. ఆకాశం వంక చూడడం తప్ప వేరే పాండిత్యం లేదు. అందుచేత నా వృత్తికి పూర్వీకుడని చెప్పదగిన ఒక రష్యన్ శాస్త్రజ్ఞుని కథ రాస్తున్నాను. ఆయన పేరు అలెగ్జాండర్ ఫ్రీడ్‌మన్. ఈ విశ్వం నిలకడగా ఉండనక్కరలేదని, విస్తరిస్తూ ఉండవచ్చని లెక్కతో మొదట చూపిన మనిషిగా లోకం ఆయనను ఎరుగును. రేపు వాన పడుతుందా లేదా అన్న ప్రశ్న కోసం కూడా జీవితమంతా పాటుపడ్డాడని తెలిసినవారు తక్కువ.

కథకు ముందు నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. 2020 అక్టోబరు 13న కాకినాడ దగ్గర తీరం దాటిన తీవ్ర వాయుగుండం తెలంగాణ మీదుగా వచ్చింది. భారీ వర్షాలు పడతాయని ముందే హెచ్చరిక ఇచ్చారు. నేనూ టీవీలో విన్నాను. ఇటువంటివి ఎన్ని చూడలేదు అనుకుని పడుకున్నాను. ఆ రాత్రి కురిసిన వాన కొత్తపేట, దిల్‌సుఖ్‌నగర్, సరూర్‌నగర్ వాసులు ఎవరూ మరచిపోరు. తెల్లవారేసరికి మా ఇంటి కింది గదిలో మోకాటి లోతు నీళ్లు. అక్కడ ఒక ఇనుపపెట్టె ఉండేది. నా పెన్షన్ పత్రం, సర్వీసు కాగితాలు, మా పెళ్లి ఫోటోలు, ఉద్యోగంలో రాసుకున్న నోటు పుస్తకాలు అందులోనే. జీవితమంతా ఇతరులకు హెచ్చరికలు పంపే పనిలో భాగస్వామిగా ఉండి, నాకు వచ్చిన హెచ్చరికను నేను లెక్కచేయలేదు. నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వడానికి ఉబ్బిపోయిన పెన్షన్ పత్రం పట్టుకుని వెళ్లినప్పుడు కలిగిన సిగ్గు ఇంకా పోలేదు.

డాబా మీద ఆరబెట్టిన కాగితాల మధ్య, ఎన్నడో విశాలాంధ్ర పుస్తకశాలలో కొన్న సోవియట్ పుస్తకం ఒకటి కనిపించింది. ఫ్రీడ్‌మన్ పేరు మళ్లీ చదివింది అందులోనే. ఆ తరువాత ఆయన గురించి దొరికినదంతా చదివాను.

ఫ్రీడ్‌మన్ 1888 జూన్‌లో సెయింట్ పీటర్స్‌బర్గ్ నగరంలో పుట్టాడు. తండ్రి నాట్యకారుడు, సంగీతకర్త. తల్లి పియానో విద్వాంసురాలు. వారి దాంపత్యం ఎంతో కాలం నిలవలేదు. పిల్లవాడు తండ్రి వైపు బంధువుల ఇంట పెరిగాడు. చదువులో, ముఖ్యంగా గణితంలో, అసాధ్యుడు. బడి విడిచే వయసులోనే తమార్కిన్ అనే సహాధ్యాయితో కలిసి ఒక గణిత పత్రం రాసి జర్మనీకి పంపితే, అక్కడి ప్రసిద్ధ గణిత పత్రిక 1906లో అచ్చువేసింది. పుస్తకాల పురుగు అనుకోవద్దు. 1905 విప్లవం రోజుల్లో విద్యార్థుల సమ్మెలో ముందు వరుసలో నిలబడ్డాడు.

విశ్వవిద్యాలయంలో స్తెక్లోవ్ అనే గొప్ప ఆచార్యుని శిష్యరికం చేసి 1910లో పట్టభద్రుడయ్యాడు. అంతటి గణితవేత్త 1913లో పావ్లోవ్‌స్క్ ఊళ్లోని వాతావరణ పరిశీలనశాలలో ఉద్యోగంలో చేరాడు. గాలిపటాలు, బెలూన్లు ఎగరవేసి పైగాలుల సంగతి తెలుసుకునే చోటు అది. ఆ రోజుల్లో వాతావరణ సూచన చాలావరకు అనుభవజ్ఞుని ఊహ. పాత పటాలు తిరగేసి, ఇటువంటి పరిస్థితిలో ఇదివరకు ఏమి జరిగిందో గుర్తుచేసుకుని చెప్పేవారు. మన రైతు చీమల బారు చూసి, తూర్పు మబ్బు చూసి చెప్పిన దానికి అది మరి కొంచెం మెరుగు, అంతే.

దీన్ని మార్చాలని పట్టుదల పట్టినవాడు నార్వే దేశీయుడు విల్‌హెల్మ్ బ్యెర్క్‌నెస్. గాలి కూడా ప్రకృతి నియమాలకు లోబడిన పదార్థమే, ఈ క్షణాన దాని పీడనం, వేడి, తేమ, వేగం అన్ని ఎత్తుల్లోనూ సరిగా తెలిస్తే రేపటి స్థితిని లెక్కకట్టవచ్చునని ఆయన 1904లో ప్రతిపాదించాడు. 1914లో ఫ్రీడ్‌మన్ లైప్‌జిగ్ వెళ్లి ఆయన దగ్గర పని నేర్చుకున్నాడు. ఆ ఏడాదే మొదటి ప్రపంచ యుద్ధం వచ్చిపడింది.

ఫ్రీడ్‌మన్ తానుగా సైన్యం వైమానిక దళంలో చేరాడు. యుద్ధరంగంలో పైగాలుల పరిశీలన ఏర్పాటు చేయడం ఆయన పని. కాని ఆఫీసులో కూర్చోలేదు. విమానాల్లో ఎక్కి శత్రువుల కోట మీదికి వెళ్లేవాడు. విడిచిన బాంబు గాలిలో ఏ దారిన పడుతుందో లెక్కలు వేసి పట్టికలు తయారుచేశాడు. తన లెక్క సరిపోయిందో లేదో తానే విమానంలోంచి చూసుకున్నాడు. ధైర్యానికి సెయింట్ జార్జ్ పతకం వచ్చింది. లెక్క ఇతరులకు ఇచ్చి, అపాయం కూడా ఇతరులకే వదిలే స్వభావం కాదు.

విప్లవం తరువాత 1918లో పెర్మ్ నగరంలో కొత్త విశ్వవిద్యాలయానికి ఆచార్యుడుగా వెళ్లాడు. అంతర్యుద్ధంలో ఆ ఊరు రెండుసార్లు చేతులు మారింది. 1920లో తిరిగి పెట్రోగ్రాడ్ చేరి, వాతావరణ పరిశోధనకు కేంద్రమైన అబ్జర్వేటరీలో గణిత విభాగం బాధ్యత తీసుకున్నాడు. కళాశాలల్లో పాఠాలు కూడా చెప్పేవాడు. కరువు రోజులవి. ఆ దినాల్లోనే ఆయన ఐన్‌స్టీన్ సిద్ధాంతాన్ని చేతబట్టాడు.

విశ్వం మొత్తం మీద నిలకడగా ఉంటుందని అప్పటికి అందరి నమ్మకం. ఐన్‌స్టీన్ అంతటివాడు కూడా విశ్వం కదలకుండా ఉండడానికి 1917లో తన సమీకరణంలో ఒక పదం అదనంగా చేర్చాడు. ఫ్రీడ్‌మన్ 1922లో జర్మన్ పత్రికలో ప్రచురించిన వ్యాసంలో, ఆ సమీకరణాల ప్రకారమే విశ్వం విస్తరించవచ్చు, కుంచించుకుపోనూ వచ్చు అని చూపాడు. ఎల్లప్పుడూ కదిలే గాలితో కాలం గడిపినవాడు కనుక, కదలిక ఆయనకు వింతగా తోచలేదేమో అని నాకు అనిపిస్తుంది.

ఐన్‌స్టీన్ ఆ వ్యాసంలో తప్పుందని అదే పత్రికలో చిన్న ప్రకటన వేయించాడు. పేరు తెలియని రష్యన్ ఉద్యోగికి అది చిన్న దెబ్బ కాదు. ఫ్రీడ్‌మన్ కోపగించుకోలేదు. తన లెక్కంతా విడమరచి, తప్పు ఎక్కడుందో చూపమని మర్యాదగా ఉత్తరం రాశాడు. మరుసటి సంవత్సరం ఆయన మిత్రుడు క్రుత్కోవ్ హాలెండులోని లైడెన్‌లో ఐన్‌స్టీన్‌ను కలిసి విషయం వివరించాడు. ఐన్‌స్టీన్ వెంటనే, పొరపాటు తనదేనని, ఫ్రీడ్‌మన్ లెక్క సరైనదని 1923లో అదే పత్రికలో ప్రకటించాడు. ఇద్దరిలో ఎవరు గొప్ప అంటే నేను చెప్పలేను. ఒకరు ఓర్పు చూపారు, మరొకరు తప్పు ఒప్పుకున్నారు. దూరపు నక్షత్ర మండలాలు మన నుండి దూరంగా పోతున్నాయని అమెరికాలో హబుల్ 1929లో చూపేనాటికి ఫ్రీడ్‌మన్ లేడు.

1925 ఫిబ్రవరిలో ఫ్రీడ్‌మన్ అదే అబ్జర్వేటరీకి డైరెక్టరు అయ్యాడు. డైరెక్టరుకు గది, బల్ల, బంట్రోతు ఉంటారు. ఈయన మాత్రం ఆ జూలైలో ఫెదొసేయెంకో అనే పైలట్‌తో కలిసి బెలూన్ ఎక్కి 7,400 మీటర్ల ఎత్తుకు వెళ్లాడు. సోవియట్ దేశంలో అప్పటికి అదే రికార్డు. అక్కడి గాలి పీడనం నేల మీద ఉన్నదానిలో సగం కూడా ఉండదు.

ఇది చదివినప్పుడు నాకు బేగంపేట గుర్తుకు వచ్చింది. మేము బెలూన్‌లో హైడ్రోజన్ నింపి వదిలేవాళ్లం. నిమిషానికొకసారి థియోడొలైట్‌తో కోణాలు చూసి రాసుకుంటే, ఏ ఎత్తులో గాలి ఎటు, ఎంత వేగంతో వీస్తున్నదో తేలేది. రేడియోసాండ్ పెట్టె కట్టిన బెలూన్ నుండి పీడనం, ఉష్ణోగ్రత, తేమ సంకేతాలుగా దిగివచ్చేవి. అటువంటి పెట్టెల్లో తొలివాటిలో ఒకదాన్ని మల్చానోవ్ అనే రష్యన్ 1930 జనవరిలో ఎగరవేశాడు, అదీ ఫ్రీడ్‌మన్ ఉద్యోగం మొదలుపెట్టిన పావ్లోవ్‌స్క్‌లోనే. మనం నేల మీద నిలబడి పెట్టెను పంపుతున్నాం. ఆయన తానే పెట్టె అయి వెళ్లాడు.

ఆ వేసవిలోనే భార్య నటాలియాతో క్రిమియా వెళ్లివచ్చాడు. ఆమె గర్భవతి. తిరుగు ప్రయాణంలో ఒక రైల్వే స్టేషనులో కొన్న బేరిపండు కడగకుండా తిన్నాడని, దానివల్లనే టైఫాయిడ్ సోకిందని చెబుతారు. టైఫాయిడ్‌కు పనిచేసే మందు క్లోరామ్‌ఫెనికాల్ వాడుకలోకి వచ్చింది 1948లో. 1925 సెప్టెంబరు 16న లెనిన్‌గ్రాడ్‌లో ఫ్రీడ్‌మన్ కన్నుమూశాడు. వయసు 37. ఆయన పోయిన తరువాత కొడుకు పుట్టాడు. యుద్ధ విమానాలు, ఏడు వేల మీటర్ల ఎత్తు ఏమీ చేయలేని మనిషిని ఒక పండు తీసుకుపోయింది. మన కొత్తపేటలో పండ్ల మార్కెట్ ఉన్న రోజుల్లో, అది బాటసింగారం తరలిపోకముందు, సంచి నిండా పండ్లు తెచ్చి కుళాయి దగ్గరికి వెళ్లకుండానే నోట్లో వేసుకున్నవాళ్లం మనం. మనవలకు ఈ ఒక్క సంగతైనా చెప్పండి.

ఆయన మొదలుపెట్టిన పని మాత్రం ఆగలేదు. ఆయన శిష్యుడు కోచిన్ గాలి గమనం మీద గొప్ప కృషి చేశాడు. అదే అబ్జర్వేటరీలో పనిచేసిన కీబెల్, సమీకరణాలతో వాతావరణ సూచన చేసే ఒక పద్ధతిని 1940లో ప్రచురించాడు. ఇంగ్లండులో రిచర్డ్‌సన్ 1922లో అచ్చువేసిన తన లెక్కలో, ఆరు గంటల్లో పీడనం 145 మిల్లీబార్లు పెరగాలని వచ్చింది. అసలు జరిగిన మార్పు దాదాపు ఏమీ లేదు. ఆయన ఆ తప్పు లెక్కను దాచకుండా పుస్తకంలో వేశాడు. 1950లో అమెరికాలో కంప్యూటరు మీద మొదటిసారి ఆ రకం లెక్క దారిలో పడింది. ఈనాడు మన టీవీలో వచ్చే ఐదు రోజుల సూచన ఆ వంశంలోనిదే.

మనకూ ఆ దేశంతో ఆకాశంలో స్నేహం ఉండేది. మన ఆర్యభట్టను 1975లో, భూమిని, సముద్రాన్ని పరిశీలించే భాస్కరను 1979లో సోవియట్ రాకెట్లే పైకి చేర్చాయి. కేరళలోని తుంబా నుండి సోవియట్ ఎం-100 రాకెట్లు చాలా ఏళ్లు పైగాలుల వివరాలు తెచ్చిపెట్టాయి.

మన వీధిలో నన్ను చూసి నవ్వే మిత్రులు కొందరు ఉన్నారు. వాతావరణ శాఖ వాన అంటే గొడుగు అక్కరలేదని వారి వేళాకోళం. ముప్ఫయి రెండేళ్లు అది విని నవ్వి ఊరుకున్నాను. తప్పులు జరిగిన మాట నిజమే. గాలి లెక్కలో చిన్న తేడా రేపటికి పెద్దదవుతుంది. కాని ఆ సూచన వెనుక, తెల్లవారుజామున చలిలో బెలూన్ పట్టుకుని నిలబడ్డ మనిషి ఉంటాడు. వానపాత్రలో నీళ్లు కొలిచి ఉదయం ఎనిమిదిన్నరకు అంకె పంపే మనిషి ఉంటాడు. వారి అంకె లేకపోతే ఫ్రీడ్‌మన్ గణితం కూడా గాలిలో దీపమే.

ఆయన పోయి 2025 సెప్టెంబరుకు నూరేళ్లు నిండాయి. విశ్వం పుట్టుకను గురించి ఆలోచించగలిగినవాడు, రేపటి వాన తనకు చిన్న పని అనుకోలేదు. మనలో చాలామంది చేసింది చిన్న ఉద్యోగాలే. రిజిస్టర్లు రాశాం, బిల్లులు పాస్ చేశాం, అంకెలు పంపాం. ఆ పనుల విలువ తెలుసుకోవడానికి ఆయన జీవితం నాకు ఉపయోగపడింది. ఇనుపపెట్టెను ఇప్పుడు మేడ మీదికి మార్చాను. హెచ్చరిక వస్తే ముందుగా కింది వాటాలో అద్దెకున్నవారికి చెప్పి, వారి సామాను పైకి ఎక్కించిన తరువాతనే పడుకుంటున్నాను. వాన రాకపోయిన రోజున వారు నవ్వుతారు. నవ్వనివ్వండి.