ఒకే బల్ల యొద్ద

(ధ్యానమునకు: యాకోబు 2:1–9, గలతీయులకు 2:11–14)



మన అనకాపల్లి బజారునకు బెల్లపు దిమ్మలు చేర్చు రైతులు మీలో అనేకులున్నారు. రసము పెనములో పోసిన పిదప ఏ మడి చెరకుది ఏదో ఎవరును వేరుచేసి చూపలేరు. సంఘము అట్లే యుండవలెనని మనము బోధింతుము. అయితే ఆదివారమున మందిరములో ఎవరెక్కడ కూర్చుందురో, ప్రేమవిందులో ఎవరు ఏ పంక్తిలో నుందురో చూచినయెడల, రసము ఇంకను వేర్వేరు కుండలలోనే యున్నదని తోచును. కావున ఈ మాసము ఒక దైవసేవకుని జీవితమును మీ యెదుట ఉంచుచున్నాము. వారు దోర్నకల్ బిషప్పుగా నుండిన వేదనాయకము శామ్యూలు అజరయ్యగారు.

అజరయ్యగారు 1874వ సంవత్సరము ఆగస్టు 17న తమిళదేశమందు, తిరునల్వేలి ప్రాంతములోని వెళ్ళాలన్‌విళై అను పల్లెలో జన్మించిరి. తండ్రిగారు ఆ పల్లె పాదిరి. వీరి కుటుంబము నాడారులలోనుండి వచ్చినది. తాటిచెట్లెక్కి తీపినీరు దించి బెల్లము కాచుట నాడారులలో అనేకుల వృత్తి. ఆ దినములలో వారిని అనేక దేవాలయములలోనికి అడుగు పెట్టనిచ్చెడివారు కారు. కాబట్టి గుమ్మము బయట నిలువబడుట యెట్టిదో అజరయ్యగారికి పుస్తకములలో చదివి తెలిసికొను పని లేకపోయెను.

వారు మద్రాసు క్రిస్టియన్ కళాశాలలో చదివి, 1895 నుండి వై.యం.సి.ఏ. కార్యదర్శిగా దేశమంతట తిరిగిరి. 1898లో అన్బు మరియమ్మాళ్‌గారిని వివాహమాడిరి. మన దేశమునకు సువార్తను మనవారే మోసికొని పోవలెనను భారము వారికి కలిగెను. 1903లో తిరునల్వేలి ఇండియన్ మిషనరీ సొసైటీ, 1905లో నేషనల్ మిషనరీ సొసైటీ స్థాపించుటలో వారు ముఖ్యులైరి. ఇతరులను పంపుచు తాము నిలిచిపోవుట మనస్సాక్షికి సరిపడక, 1909లో ఆ ఉద్యోగము విడిచి, అభిషేకము పొంది, నిజాము రాజ్యములోని దోర్నకల్‌కు వచ్చిరి. సుమారు ముప్పదియైదేండ్ల వయస్సున తెలుగు నేర్చుకొనిరి.

1910వ సంవత్సరము జూను నెలలో స్కాట్లండు దేశమందలి ఎడింబరోలో గొప్ప మిషనరీ మహాసభ జరిగెను. పన్నెండు వందలమందికి పైగా ప్రతినిధులు వచ్చిరి. వారిలో ఆసియా ఖండమువారు ఇరువదిమందికి లోపే. ఆ సభలో అజరయ్యగారు లేచి, పెద్దల ముఖము చూడక సత్యము పలికిరి. తెల్లదొరలు ఈ దేశముకొరకు ధనము నిచ్చిరి, ప్రాణములు సయితము నిచ్చిరి, దానిని వారు మరువలేదు. అయితే ఏండ్ల తరబడి తమతో పనిచేయు దేశీయ పాదిరిని ఇంటికి పిలిచి భోజనము పెట్టిన దొరలు ఎందరు? అతని యింటికి పోయి కూర్చుండినవారు ఎందరు? ఉపకారము చేయుట చాలదనియు, స్నేహము కావలెననియు వారు వేడుకొనిరి. ఆ మాటకు కొందరు సంతోషించిరి, కొందరికి కోపము వచ్చెను.

తరువాత వారిని బిషప్పుగా చేయవలెనని మద్రాసు బిషప్పు వైట్‌హెడ్‌గారు తలపెట్టినప్పుడు అభ్యంతరములు లేచెను. భారతీయుని క్రింద ఐరోపావారు ఎట్లు పనిచేయుదురని కొందరు మిషనరీలు సందేహించిరి. ఇది మనకు ఆశ్చర్యము కాదు. మనలను నొప్పించునది మరియొకటి. తమిళ క్రైస్తవులలోనే కొందరు కులమును మనస్సున నుంచుకొని ఆయనను వద్దనిరి. అయినను 1912వ సంవత్సరము డిసెంబరు 29న కలకత్తా సెయింట్ పాల్స్ కథీడ్రలులో వారికి బిషప్పు అభిషేకము జరిగెను. భారతదేశపు ఆంగ్లికన్ సంఘములో ఆ స్థానము పొందిన మొదటి భారతీయుడు ఆయనే.

ఇక్కడ ఒక ప్రశ్న యున్నది. త్రోసివేయబడినవాడు, తన చేతికి అధికారము వచ్చిన పిమ్మట ఏమి చేయును? తనకంటె క్రిందివానిని త్రోసివేయునా? దోర్నకల్ ప్రాంతములో మాలలును మాదిగలును వేలకొలదిగా ప్రభువును అంగీకరించిరి. ఊరు ఆ యిరువురిని వెలిగానే ఉంచెను. అయినను ఆ యిరువురిలో ఒకరు ఒకరితో కలియరు. పేటలు వేరు, బావులు వేరు. బాప్తిస్మము పొందిన పిమ్మటకూడ ఆ గోడ నిలిచియుండెను. అజరయ్యగారు ఆ గోడను ఒప్పుకొనలేదు. ఏ పేటనుండి వచ్చినను ఒకే మందిరములో కూర్చుండవలెను, ఒకే పాత్రలోనిది త్రాగవలెను అని పట్టుబట్టిరి. ఆయన స్వయముగా పల్లె పల్లెకు పోయి ఆ బీదలమధ్య కూర్చుండిరి. వారి జీవితములలో కలిగిన మార్పును చూచి, తరువాతి కాలమున ఊరిలోని ఇతర కులములవారు సయితము సంఘములో చేరసాగిరి. ఆయన చివరి దినములనాటికి ఆ డయోసీసులోని క్రైస్తవులు రెండు లక్షలకు మించిరి. 1939వ సంవత్సరము జనవరి 6న దోర్నకల్ కథీడ్రలు ప్రతిష్ఠింపబడెను. ఆ కట్టడములో దేవాలయపు స్తంభముల తీరును, మసీదు గుమ్మటముల తీరును కలిసియుండుట నేటికిని చూడవచ్చును. 1945వ సంవత్సరము జనవరి 1న ఆయన ప్రభువునందు నిద్రించిరి. ఆయన ఎంతో పాటుపడిన సంఘైక్యత 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘముగా నెరవేరెను. అది చూచుటకు ఆయన లేకపోయిరి.

ఇతరులకు బోధించుటకు ముందు మా తప్పిదమును మేము ఒప్పుకొనవలెను. ఒక పల్లెలో గృహదర్శనమునకు పోయినప్పుడెల్ల మేము పెంకుటిళ్లలోనే భోజనము చేయుచుంటిమి. చివరి వీధి గుడిసెలలో ప్రార్థన ముగించి, వేళ మించినదని చెప్పి లేచివచ్చుచుంటిమి. ఒకనాడు ఆ వీధిలోని ముసలమ్మ చోడి అంబలి కాచి, మూతపెట్టి, ఇవ్వవచ్చునో కూడదో తెలియక తలుపు ప్రక్కన నిలువబడెను. మేము చూచియు చూడనట్లు బయలుదేరితిమి. ఊరి పొలిమేరకు వచ్చిన పిదప అంతియొకయలోని పేతురు జ్ఞాపకమునకు వచ్చెను. అన్యజనులతో కలిసి భుజించుచుండినవాడు, పెద్దలు కొందరు రాగానే పంక్తిలోనుండి లేచిపోయెను గదా! వెనుకకు పోయి ఆ చాపమీద కూర్చుండితిమి. గ్లాసు అందించునప్పుడు ఆమె చేతులు వణకెను. అప్పటికి ఏడేండ్లుగా ఆమె యింట మేము ప్రార్థన చేయుచుంటిమి, ఆమె కానుక పుచ్చుకొనుచుంటిమి. ఆమె అన్నము మాత్రము పుచ్చుకొనలేదు.

ప్రియులారా, మందిరములో ఎవరినిగాని పొమ్మని మనము నోట చెప్పము. కుర్చీ చూపుటలో, చాప చూపుటలో చెప్పుచున్నాము. పట్నమునుండి వచ్చిన ఉద్యోగస్థునికి ముందు కుర్చీ వేసి, కూలిపనినుండి అలసి వచ్చినవానిని గుమ్మము యొద్ద వదలుచున్నాము. క్రిస్మసు కార్యక్రమములో పెద్దల పిల్లలకే మాటలు నేర్పుచున్నాము. సంఘ పెద్దలను ఏర్పరచునప్పుడు ఒకే వీధి పేర్లు వ్రాయుచున్నాము. ఇవన్నియు చిన్న సంగతులని తోచును. త్రోసివేయబడినవానికి మాత్రము ఇవి చిన్నవి కావు.

ఈ మాసములో ప్రతి కుటుంబమువారును ఒక పని చేయుడి. ఇంతవరకు మీరు భుజింపని ఒక విశ్వాసి యింట భుజించుడి. వారిని మీ యింటికి పిలిచి, మీ ప్రక్కనే కూర్చుండబెట్టుకొనుడి. అటు పిమ్మట ప్రభువు బల్ల యొద్దకు రండి.

ప్రార్థన: అందరికొరకు ఒక్కటే రొట్టె విరిచిన ప్రభువా, మేము కట్టుకొనిన గోడలను మాకు చూపుము. వాటిని మా చేతులతోనే పడగొట్టు ధైర్యము మాకు దయచేయుము. ఆమేన్.