పోయిన కొండను కొలిచినవాడు

గ్రోవ్ కార్ల్ గిల్బర్ట్ 1843లో అమెరికాలోని రోచెస్టర్‌లో పుట్టాడు. హెన్రీ పర్వతాల మీద, బోనవిల్ సరస్సు మీద ఆయన రాసిన నివేదికలకి జియాలజీలో ఇప్పటికీ పేరుంది. కానీ మన సివిల్ వాళ్లు చూడాల్సింది అరవై దాటాక ఆయన చేసిన పని.

కాలిఫోర్నియాలో బంగారం కోసం పెద్ద గొట్టాలతో నీళ్లు చిమ్మి కొండల్నే కరిగించేశారు. ఆ మట్టి నదుల్లో మేటేసి, పొలాల్ని కప్పేసింది. 1884లో కోర్టు ఆపించింది. గనులవాళ్లేమో మళ్లీ మొదలెట్టాలని చూస్తున్నారు. అసలు కదిలిన మట్టెంత? అది తేల్చే పని 1905లో గిల్బర్ట్ మీద పడింది. గుంతల్ని సర్వే చేసి, మిగిలిన అంచుల్ని బట్టి పాత నేల కాంటూర్లు గీసి, రెంటి తేడా లెక్కగట్టాడు. పాత అంచనాలు బాగా తక్కువని తేలింది. మొత్తం మట్టి పనామా కాలువ తవ్వకానికి దాదాపు 8 రెట్లు!

ఇవాళ లోయ కోత లెక్కకి డిజిటల్ ఎలివేషన్ మోడల్‌తో మనం చేసేదీ ఈ తీసివేతే. సాఫ్ట్‌వేర్ మారింది గానీ, లేని నేలను ఊహించడంలోని తంటా మారలేదు.

నివేదిక 1917లో వచ్చింది. ఆ మట్టి శాన్ ఫ్రాన్సిస్కో అఖాతం దాకా చేరి, ఆటుపోట్లను తగ్గిస్తోందని కూడా అందులో చూపించాడు. మరుసటి ఏడాదే కన్నుమూశాడు.